మంచు ఫార్కర్ ఎదురొస్తే

మా రోడ్డు మీద మనిషి ఎలాంటివాడో తెలుసుకోవాలంటే ముందుకు నడిపేటప్పుడు చూసి లాభం లేదు. ముందుకు అందరూ బాగానే నడుపుతారు. ఎదురుగా ఇంకో బండి వచ్చినప్పుడు చూడాలి.

డ్రమ్‌కారన్ నుంచి ఆర్డ్‌వోర్ దాకా పోయే ఆ రోడ్డు ఒక్క బండికి సరిపోతుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క కింద సముద్రపు పాయ. ఎదురెదురు బండ్లు తప్పుకోవడానికి అక్కడక్కడ రోడ్డుని కాస్త వెడల్పు చేసి పలక పాతారు. వాటిని మేం ఒదుగు చోట్లు అంటాం. ఒదుగు చోటు ఎవరికి దగ్గరైతే వాళ్ళు వెనక్కి పోయి అందులో ఒదగాలి. దాటిపోయేవాడు స్టీరింగ్ వదలకుండా చూపుడు వేలు ఒక్కటి ఎత్తుతాడు. చెయ్యి మొత్తం ఎత్తి ఊపితే సెలవులకొచ్చిన మనిషని అర్థం. ఏమీ ఎత్తకపోతే మా ఊరివాడే, కాకపోతే మీ మీద కోపంగా ఉన్నాడని అర్థం. ఆర్డ్‌వోర్‌లో ఇద్దరు అన్నదమ్ములు ఒక కంచె తగాదాలో ఒకరికొకరు వేలెత్తకుండా ఇరవై ఏళ్ళు వెళ్ళబుచ్చారు. వెనక్కి పోవాల్సి వస్తే మాత్రం మర్యాదగానే పోయేవారు.

ఆ రోడ్డు మీద నేను చాలా ఏళ్ళు లైబ్రరీ వ్యాను నడిపాను. వారానికోసారి ఊరూరా ఆగి పుస్తకాలిచ్చి, పుస్తకాలు తీసుకుని రావడం నా ఉద్యోగం. అలా తెలిసినవాడే మంచు ఫార్కర్.

మా వైపు మెక్‌లెనన్‌లు ఎక్కువ. ఇంటిపేరు పెట్టి పిలిస్తే సగం ఊరు తలుపు తీస్తుంది. అందుకని ప్రతివాడికీ ఏదో ఒక పేరు తగిలిస్తాం. ఫార్కర్ మెక్‌లెనన్‌లు ఇద్దరుండేవారు. ఒకడు పొట్టి ఫార్కర్. ఆరడుగుల పైమాటే, వాళ్ళ తాత పొట్టివాడు. రెండో ఆయన మంచు ఫార్కర్. చలికాలంలో రోడ్డు మీద మంచు తోసే లారీ ఆయన చేతిలో ఉండేది. మంచు లేని నెలల్లో అదే రోడ్డు గుంతలు పూడ్చేవాడు, ఒదుగు చోట్లకి పలకలు పాతేవాడు. భార్య పోయాక ఆర్డ్‌వోర్ చివరి ఇంట్లో ఒంటరిగా, కొన్ని గొర్రెలతో, నెల్ అనే కుక్కతో ఉండేవాడు.

వెనక్కి నడపడంలో ఆయన తర్వాతే ఎవరైనా. గొర్రెల ట్రెయిలరు తగిలించిన బండిని, పొగపైపు నోట్లోంచి తియ్యకుండా, కొండ మలుపు చుట్టూ వెనక్కి తెచ్చి ఒదుగు చోటులో పెట్టడం నేను చూశాను. ఆ పెట్టడం ఎలా ఉండేదంటే, అమ్మ డబ్బాలో బిస్కెట్టు సర్దినట్టుండేది.

ఒక ఫిబ్రవరి రోజున ఆయన ఆ పూటకి రెండోసారి మంచు తోసుకుంటూ కనుమ మీదుగా ఆర్డ్‌వోర్ వైపు వస్తున్నాడు. ఎదురుగా ఒక కారు వచ్చింది. కారులో నెలలు నిండిన ఆడమనిషి. నడిపేవాడు ఆమె మొగుడు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. రెండు పక్కలా మంచు గోడలు, ఒదుగు చోట్లన్నీ మంచు కిందే ఉన్నాయి. ఫార్కర్ కిటికీ దించి, తల బయటపెట్టి వెనక్కి చూస్తూ, అంత పెద్ద లారీని కనుమ కింద దాకా మలుపు తర్వాత మలుపు వెనక్కే నడిపాడు. ఆ కారు లారీ ముక్కు పట్టుకుని దిగింది. కింద దారి ఇచ్చి, వేలెత్తి, మళ్ళీ మొదటి నుంచి మంచు తోసుకుంటూ పైకి పోయాడు.

ఆ రోజు ఆసుపత్రిలో పుట్టిన పిల్ల పేరు బారబెల్. ఇప్పుడు మాకు ఉత్తరాలు తెచ్చేది ఆమే. ఈ సంగతి ఫార్కర్ ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. బారబెల్ కూడా అనలేదు.

డెబ్బై దాటాక ఫార్కర్ మెడ బిగుసుకుపోయింది. ఒక్కసారిగా కాదు, చలికాలానికి కాస్త చొప్పున. చర్చిలో కీర్తన ఎత్తుకునేది ఆయనే. ఒక పాదం ఆయన పాడితే మిగతా జనం అందుకుంటారు. ఇదివరకు ఎవరైనా ఆలస్యంగా వచ్చి తలుపు చప్పుడైతే, పాట ఆపకుండానే మెడ తిప్పి ఒక చూపు చూసేవాడు. ఆ చూపుకి భయపడి జనం వేళకి వచ్చేవారు. తర్వాత తర్వాత చూడటం మానేశాడు. వయసుతో ఓర్పు వచ్చిందనుకున్నాం. ఆలస్యంగా వచ్చేవాళ్ళు పెరిగారు.

నిజం బయటపడింది హోటలు దగ్గర. ఆయన నీలం వ్యాను వెనక్కి వస్తూ గుమ్మం పక్కనున్న రాతి పూలతొట్టిని గుద్దింది. హోటలామె బయటికొచ్చింది. ఫార్కర్ దిగి తొట్టి వైపు మొత్తం మనిషి తిరిగాడు, రేవులో ఓడ తిరిగినట్టు.

"ఈ తొట్టి ఇక్కడికి ఎప్పుడు జరిపారమ్మా?" అన్నాడు.

ఆ తొట్టి ఆమె అత్తగారి కాలం నుంచీ అక్కడే ఉంది.

"మొన్ననే జరిపామండీ," అంది హోటలామె.

ఆ తర్వాత ఫార్కర్ బండిని వెనక్కి నడపడం ఎవరం చూడలేదు. ముందుకు వెళ్ళిపోవడానికి వీలున్న చోటే ఆపేవాడు. చర్చి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వచ్చిన దారిన ముక్కు పెట్టి నిలిపేవాడు. భక్తి అనుకున్నారు కొత్త పాదిరిగారు. ఆ వ్యానులో వెనక్కి చూసేది నెల్ ఒక్కతే.

ఇక్కడ ఒక చిక్కుంది. మా రోడ్డు మీద వెనక్కి నడపలేనివాడు బండి నడపలేడు. బండి నడపలేనివాడు ఆర్డ్‌వోర్‌లో ఉండలేడు. కొట్టు, డాక్టరు, చర్చి అన్నీ డ్రమ్‌కారన్‌లోనే. ఈ సంగతి ఫార్కర్‌కి తెలుసు. మాకూ తెలుసు. మాకు తెలుసన్న సంగతి ఆయనకి తెలియదు.

మేమెవరం కూర్చుని మాట్లాడుకోలేదు. ముందు మొదలుపెట్టింది బారబెల్ అనుకుంటాను. కొండ మీద చెట్లు లేవు కాబట్టి ఎదురొచ్చే బండి చాలా దూరం నుంచే కనిపిస్తుంది. నీలం వ్యాను చుక్కలా కనిపించగానే ఆమె దగ్గరున్న ఒదుగు చోటులోకి పోయి, ఇంజను ఆపి, ఉత్తరాలు సర్దుకునేది. ఆయన వచ్చి, దాటి, వేలెత్తి పోయేదాకా కదిలేది కాదు. తర్వాత బడి బస్సు ఆగడం మొదలైంది. తర్వాత చేపల లారీ. తర్వాత పొట్టి ఫార్కర్ ట్రాక్టరు. నేనూ ఆగేవాణ్ణి. చేతిలో పుస్తకం ఉన్నవాడికి ఆగడం ఒక శిక్ష కాదు. ఒక చలికాలమంతా చాలా లావుపాటి నవల ఒకటి ఆ ఒదుగు చోట్లలోనే చదివాను. అందులో ఒకడు పెళ్ళాడాలా వద్దా అని ఆలోచిస్తూ ఉంటాడు. ఫార్కర్ ఆలస్యంగా వచ్చిన రోజుల్లో వాడి ఆలోచన చాలా ముందుకు సాగేది.

ఫార్కర్‌కి రోడ్డు నల్లేరు మీద బండి నడకలా సాగిపోయింది. ఒక రోజు నా వ్యాను మెట్ల దగ్గరకొచ్చి పుస్తకం ఇస్తూ అడిగాడు.

"గమనించావా నువ్వు?"

"ఏంటి?"

"జనం మారారు. ఇదివరకు రెండు బండ్లు ఎదురైతే గొర్రెపోతుల్లా ముక్కు ముక్కు ఆనించి నిలబడేవాళ్ళం. ఇప్పుడు చూడు, అంత దూరాన నన్ను చూడగానే ఒదిగిపోతున్నారు. ఇంత మర్యాద ఈ దారిలో నా జన్మలో చూడలేదయ్యా."

"నేనూ చూడలేదు," అన్నాను.

"చదువు వల్లనుకుంటాను. నీ పుస్తకాల వల్ల కూడా అయ్యుండొచ్చు."

"అయ్యుండొచ్చు."

వెళ్ళబోతూ ఆగాడు. "పొట్టి ఫార్కర్ కూడా ఆగుతున్నాడు. వాడు పుస్తకం ముట్టడే?"

"వాళ్ళావిడ చదివి వినిపిస్తుందేమో," అన్నాను.

అది ఆయనకి సబబుగానే తోచింది.

ఇలా రెండేళ్ళు గడిచాయి. ఆ ఆగస్టులో ఇన్వర్నెస్ పట్నం నుంచి మంచు ఫార్కర్ వాళ్ళక్క ఇష్బెల్ వచ్చింది. చిన్నపిల్లల బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి దిగిన మనిషి. తమ్ముడి చేత నిజం చెప్పించడం ఆవిడకి చిన్నప్పటి నుంచీ ఉన్న పని. వచ్చిన మర్నాడు నా వ్యాను ఆర్డ్‌వోర్‌లో ఆగి ఉంటే ఇద్దరూ అక్కడికొచ్చారు. బారబెల్ కూడా ఉత్తరాల సంచితో మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఒరేయ్, నీ మెడకేమైంది?" అంది ఇష్బెల్, పుస్తకాల వంక చూస్తూనే.

"ఏం కాలేదే."

"అయితే ఇటు చూడు."

ఫార్కర్ కాళ్ళతో సహా తిరిగాడు.

"మెడ తిప్పరా అంటే నడుం తిప్పుతావేం?"

"ఎదురుగా నించుంటే మెడతోనే చూస్తాను. వెనకాల నించుని చూడమంటే ఎలా అక్కా?"

"నా పక్క వాటా ఖాళీ అయింది," అంది ఇష్బెల్. "వేణ్ణీళ్ళున్నాయి, లిఫ్టు ఉంది, వీధి దాటితే డాక్టరు. వారం లోపల కావాలో వద్దో చెప్పాలి. నేను నీ పేరు చెప్పి వచ్చాను."

"మరి నెల్?"

"కుక్కల్ని రానివ్వరు."

"నెల్‌నే రానివ్వని చోట నన్నెట్లా రానిస్తారు? దానికే నాకంటే బుద్ధెక్కువ."

"మాటలు మార్చకు. ఈ రోడ్డు మీద నువ్వు బండి నడుపుతున్నావంటే నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. రేపు నన్ను డ్రమ్‌కారన్ తీసుకెళ్ళి తీసుకురా. పక్కన కూర్చుంటాను. నువ్వు నడపగలవని నాకనిపిస్తే వాటా వద్దని నేనే ఫోను చేస్తాను. లేదంటే సామాను సర్దుకో. కుక్కని పొట్టి ఫార్కర్‌కిద్దాం."

ఫార్కర్ నెల్ వంక చూశాడు. నెల్ బారబెల్ వంక చూసింది.

"సరే," అన్నాడు. "రోడ్డు గురించి నాకేం భయం లేదు. జనం చాలా మంచివాళ్ళయ్యారు ఈ మధ్య."

బారబెల్ సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. సాయంత్రానికల్లా రోడ్డు పొడుగునా అన్ని ఇళ్ళకీ ఉత్తరం లేకుండానే వార్త చేరింది.

మర్నాడు వెళ్ళేటప్పుడు అంతా సవ్యంగా జరిగింది. ఆ ప్రయాణం సంగతులు తర్వాత ఇష్బెలే నాకు చెప్పింది. చేపల లారీ ఒదిగి ఉంది. బడికి సెలవులైనా బడి బస్సు ఒదిగి ఉంది. పొట్టి ఫార్కర్ ట్రాక్టరు మీద, వానలో, గొడుగేసుకుని ఒదిగి ఉన్నాడు.

"ఏంట్రా, అందరూ ఆగే ఉన్నారు? ఎవడైనా పోయాడా?" అని అడిగిందట.

"మర్యాద అక్కా. నీకు పట్నంలో అలవాటు తప్పింది."

డ్రమ్‌కారన్‌లో పొగపెట్టిన చేపలు కొన్నారు, టీ తాగారు. కొట్టు ముందే ఖాళీ ఉండగా ఫార్కర్ బండిని ఊరవతల చర్చి దగ్గర నిలిపాడు. నడక ఒంటికి మంచిదన్నాడు. ఇష్బెల్ అడుగులు లెక్కపెడుతూ వెనకే నడిచింది. ఆ లెక్క ఆయనకి నచ్చలేదు.

తిరుగు ప్రయాణంలో వాళ్ళు ఆర్డ్‌వోర్ వైపు వస్తున్నారు. నేను ఆర్డ్‌వోర్ నుంచి డ్రమ్‌కారన్ వైపు పోతూ, నీలం వ్యాను కనిపించగానే పాదిరి చోటులో ఆగాను. మా ఒదుగు చోట్లకి పేర్లుంటాయి. పూర్వం ఒక పాదిరిగారు పెట్రోలు అయిపోయి ఆదివారం ప్రసంగమంతా అక్కడ కూర్చునే రాసుకున్నారట. ప్రసంగం బాగా పొడుగైందంటారు. ఫార్కర్ వచ్చాడు, వేలెత్తాడు, నేనూ ఎత్తాను. పక్కన ఇష్బెల్ నన్ను, నా చేతిలో పుస్తకాన్ని చూసింది. బండి నన్ను దాటి రాతి మలుపు తిరిగింది. వెంటనే బ్రేకు చప్పుడైంది.

అద్దంలో చూశాను. మలుపు దగ్గర రోడ్డుకి అడ్డంగా ఒక తెల్లటి ఇల్లు కనిపించింది. సెలవుల్లో వచ్చేవాళ్ళు అద్దెకి తీసుకునే బండి అది, లోపలే మంచం, వంటిల్లు, వెనకాల రెండు సైకిళ్ళు. ఫార్కర్ వ్యాను దాని ముందు అగ్గిపెట్టెలా ఉంది. ఇంటి వెనకాల బారబెల్ ఎర్ర వ్యాను. పాపం ఆర్డ్‌వోర్ నుంచీ దాన్ని దాటి ముందుకొచ్చి ఆపాలని ఆమె చూస్తూనే ఉందట.

తెల్ల బండి దిగినవాడు బాగా పొడుగ్గా ఉన్నాడు. పేరు యోస్ట్. భార్య ఆనలీస్. నెదర్లాండ్స్ నుంచి వచ్చారు. చేతిలో రంగుల కరపత్రం ఒకటుంది.

"క్షమించాలి," అన్నాడు. "తప్పుకునే చోటు మీకు దగ్గర. మాకు చాలా దూరం. దగ్గర ఉన్నవారు వెనక్కి వెళ్ళాలి. ఇందులో ఉంది."

"ఎవరు రాశారది?" అన్నాడు ఫార్కర్.

"పర్యాటకుల కోసం అచ్చువేశారు. బొమ్మ కూడా ఉంది."

ఫార్కర్ ఆ బొమ్మని చాలాసేపు చూశాడు. బొమ్మలో రెండు కార్లున్నాయి. చిన్న కారు సంతోషంగా వెనక్కి పోతోంది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆ రోడ్డు మీద ఆ పూట నియమం సరిగ్గా చెప్పినవాడు ఆ పరాయి దేశస్థుడొక్కడే.

"న్యాయమే కదరా," అంది ఇష్బెల్, బండి దిగుతూ. "వెనక్కి తియ్యి."

ఫార్కర్ ఇంజను ఆపేశాడు. "తీస్తాను. తొందరేముంది?"

బారబెల్ తెల్ల బండి పక్క నుంచి ఒళ్ళు ముడుచుకుని ముందుకొచ్చింది. "ఎలా తీస్తారండీ? పాదిరి చోటులో లైబ్రరీ వ్యాను ఉందిగా," అంది.

ఇష్బెల్ నా దగ్గరికి నడిచొచ్చి కిటికీ మీద కొట్టింది.

"ఏమయ్యా, కాస్త ముందుకెళ్ళు. మా తమ్ముడు వెనక్కి రావాలి."

"స్టార్టు అవ్వట్లేదండీ."

"ఎప్పట్నుంచి?"

"ఇప్పుడే."

"తాళం తిప్పి చూశావా?"

"తిప్పితే ఇంకా పాడవుతుందేమోనని..."

ఇష్బెల్ నా చేతిలో పుస్తకం చూసింది. "చాలా దాకా చదివినట్టున్నావే," అంది. తర్వాత మలుపు దగ్గర నిలబడ్డ బారబెల్ వంక చూసింది. పొద్దున గొడుగేసుకున్న పొట్టి ఫార్కర్ కూడా ఆవిడకి గుర్తొచ్చే ఉంటాడు. బడిలో నలభై ఏళ్ళు పిల్లల అబద్ధాలు విన్న మనిషి, ఒక తరగతి మొత్తం కలిసి చెప్పే అబద్ధం ఎలా ఉంటుందో తెలుసు. వెనక్కి నడిచింది. నేనూ దిగి వెంట వెళ్ళాను.

అక్కడ ఎవరూ కదల్లేదు. వాన ఆగి దోమల్లాంటి చిన్న పురుగులు లేచాయి. గొర్రెల ధర గురించి కొంత మాట్లాడుకున్నాం. ఆనలీస్ వంటింట్లోంచి అందరికీ కాఫీ పెట్టిచ్చింది. కాఫీ బాగుందన్నాం.

బారబెల్ అయితే ఆ నీలం వ్యానుని కళ్ళు మూసుకుని వెనక్కి తీసేది. నేనూ తీసేవాణ్ణి. ఇష్బెల్ కూడా తీసేది. కానీ తీస్తానని అడగడమంటే నీకు చేతకాదని నాకు తెలుసని చెప్పడం. ఆ ఒక్క మాట అనకుండా ఉండటానికే కదా రెండేళ్ళు ఊరంతా ఒదుగు చోట్లలో కూర్చుంది. కాఫీ చల్లారిపోతోంది. ఇష్బెల్ తమ్ముణ్ణే చూస్తోంది. నెల్ వ్యాను వెనక అద్దంలోంచి పాదిరి చోటుని చూస్తోంది.

ఫార్కర్ కప్పు ఆనలీస్‌కి ఇచ్చి యోస్ట్ వైపు తిరిగాడు.

"అబ్బాయ్, నీకీ బండి వెనక్కి నడపడం రాదు కదూ?"

"రాదు," అన్నాడు యోస్ట్. "పెద్దది. మా దేశంలో వెనక్కి చూస్తే నేల ఉంటుంది. ఇక్కడ నీళ్ళున్నాయి."

"నాకు వచ్చు," అన్నాడు ఫార్కర్. "ఈ రోడ్డు మీద మంచు లారీని వెనక్కి నడిపినవాణ్ణి. కానీ మెడ తిరగదు. రెండేళ్ళయింది."

వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. మాలో ఎవరివంకా చూడలేదు. రేపు వెళ్ళిపోయేవాడికి చెప్పడం తేలిక.

యోస్ట్ తల ఊపాడు. "అయితే మీ బండి నేను తీస్తాను. చిన్నదే కదా."

అంత సులువైన మాట రెండేళ్ళలో మాలో ఒక్కరి నోటా రాలేదు.

ఇష్బెల్ నా వైపు తిరిగింది. "నీ వ్యాను బాగయ్యే ఉంటుంది. వెళ్ళి చూడు."

వెళ్ళి చూశాను. మొదటిసారికే స్టార్టయింది. చోటు ఖాళీ చేసి, ముందున్న ఒదుగు చోటులో వ్యాను పెట్టి నడిచొచ్చాను.

యోస్ట్ మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు నీలం వ్యానులో ఇరుక్కున్నాడు. నెల్, అతనూ ఇద్దరూ వెనక్కి చూస్తుండగా బండి మెల్లగా, కాస్త వంకరగా, మలుపు చుట్టూ వెనక్కి వచ్చింది. దాని ముక్కుకి ఎదురుగా ఫార్కర్ నడిచి వచ్చాడు, తన బండి తనకి దూరంగా పోతుంటే దాన్ని సాగనంపుతున్నట్టు. పాదిరి చోటులో చక్రం ఒకటి బయటికుండిపోయింది. "ఫరవాలేదు, మొదటిసారికి బాగానే పెట్టాడు," అన్నాడు ఫార్కర్.

తెల్ల ఇల్లు దాటిపోయింది. యోస్ట్, ఆనలీస్ ఇద్దరూ రెండు చేతులూ ఊపారు. అంటే స్టీరింగ్ కాసేపు ఎవరి చేతిలోనూ లేదు.

వెనకే వచ్చిన బారబెల్‌ని ఫార్కర్ చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"నీకు తెలుసా?"

"ఏంటండీ?"

"నా మెడ."

"ఏ మెడ?"

"మరి ఎప్పుడు చూసినా ఆ ఒదుగు చోట్లలో కూర్చునుంటావే?"

"ఉత్తరాలు సర్దుకోవాలి కదండీ."

"సరే. పొట్టి ఫార్కర్‌కి ఏం సర్దుకునేదుంది?"

బారబెల్ జవాబు కోసం కొండ వైపు చూసింది. కొండ ఏమీ అందించలేదు.

"అంటే మర్యాద కాదన్నమాట," అన్నాడు ఫార్కర్.

"మంచులో మీరు ఎంత దూరం వెనక్కి పోయారో మా అమ్మ చెప్పింది," అంది బారబెల్. "ఆ లెక్కలో నేనింకా కనుమ సగం దాకా కూడా రాలేదు." గేరు వేసి వెళ్ళిపోయింది. వేలెత్తడం మర్చిపోయింది, లేదా చెయ్యి ఖాళీ లేదు. కళ్ళు తుడుచుకుంటోందని ఇష్బెల్ అంది. పురుగు పడి ఉంటుందని నేనన్నాను.

ఆ సాయంత్రం ఫార్కర్ అటక మీంచి పెట్టె దించాడు. నెల్ దాన్ని వాసన చూసి దాని మీద పడుకుంది.

"ఎక్కడికిరా?" అంది ఇష్బెల్, చేపలు వేయిస్తూ.

"ఓడిపోయాను కదా. నీ పక్క వాటాకి."

"ఓడిపోయావు, ఒప్పుకుంటాను. కానీ ఇన్వర్నెస్‌లో నీ కోసం ఎవడాగుతాడు? మొదటి సందులోనే గుద్దేస్తారు."

"అక్కడ నాకు బండి ఉండదుగా."

"నడిచినా గుద్దేస్తారు," అంది ఇష్బెల్. "కుక్కని పెట్టె మీంచి దించు, దాని బొచ్చంతా అంటుకుంటోంది."

చేపలు తిన్నాక లేచి ఫోను చేసి వాటా వద్దని చెప్పింది. వ్యానుకి రెండు పక్కలా లారీకి పెట్టేంత అద్దాలు పెట్టించి ఊరెళ్ళింది. అవి పెట్టాక వ్యాను చెవులు నిక్కించిన కుందేలులా కనిపించేది.

అద్దాలతో వెనక్కి నడపడం ఫార్కర్‌కి మనస్కరించలేదు. అద్దంలో చూసి నడపడం, నీళ్ళలో నీడ చూసి గడ్డం గీసుకోవడం లాంటిదన్నాడు. అలా అని మేం తన కోసం ఆగడం కూడా ఆయన సహించలేకపోయాడు. ఇంక మిగిలింది ఒక్కటే దారి. ప్రతి ఒదుగు చోటులోనూ తనే ముందుకు పోయి ఆగేవాడు. తర్వాతి చోటు దాకా రోడ్డు ఖాళీగా ఉందని నిర్ధారణ అయ్యాకే కదిలేవాడు. చర్చి వేళకి అందుకోవాలంటే పొద్దు పొడవకముందే బయల్దేరేవాడు. ఆయన మిగిలిన ఏళ్ళన్నీ అలాగే నడిపాడు. చెయ్యెత్తకుండా, హారను కొట్టకుండా, ఊళ్ళో అందరికీ దారి ఇచ్చాడు.

మేం మాత్రం ఆగడం మానలేదు. అలవాటైపోయింది.

ఇష్బెల్ వచ్చి వెళ్ళిన ఏడే అక్టోబరులో ఒక మధ్యాహ్నం నేను పాదిరి చోటులో ఆగి ఉన్నాను. ఎదురుగా, పాయ వంపు అవతల, తర్వాతి ఒదుగు చోటులో నీలం వ్యాను ఆగి ఉంది. రమ్మని లైట్లు వేశాను. ఆయనా లైట్లు వేశాడు. కదల్లేదు. నేనూ కదల్లేదు. ఫార్కర్ ఫ్లాస్కు తీశాడు. నేను పుస్తకం తీశాను. నా వెనకే అదే చోటులోకి బారబెల్ వచ్చి, సంగతి చూసి, ఇంజను ఆపి, ఉత్తరాలు సర్దుకోవడం మొదలుపెట్టింది. మధ్యలో రోడ్డు ఖాళీగా, వానకి తడిసి, మెరుస్తూ ఉంది.

కాసేపటికి కనుమ మీంచి ఒక అద్దె కారు దిగింది. ఎవరో సెలవులకొచ్చినవాళ్ళు. మా ఇద్దర్నీ దాటి, ఆ ఖాళీ రోడ్డంతా వాళ్ళొక్కళ్ళే నడుపుకుంటూ, ఫార్కర్‌ని కూడా దాటి పోయారు. అందరికీ చేతులు బాగా ఊపారు. ఈ వైపు జనం ఎంత మర్యాదస్తులో అనుకుని ఉంటారు.

ఆ తర్వాత మాలో ఎవరు ముందు కదిలారో గుర్తులేదు. ఆ లావు నవల రెండోసారి మొదలుపెట్టి ఉన్నాను అప్పటికి. అందులోవాడు చివరికి పెళ్ళి చేసుకున్నాడు.